పోయాడంటే పోయినట్టేనా?

1998 జూన్. చెన్నైలో ఒక పెద్దాసుపత్రి. ఐసీయూ బయట కుర్చీల్లో అమ్మా నేనూ కూర్చుని ఉన్నాం. లోపల నాన్న.

బాపట్ల దగ్గర పల్లెటూరు మాది. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఓ రోజు కందిపప్పు తూస్తూ తూస్తూనే కుప్పకూలిపోయాడు. రెండు నిమిషాల్లో లేచి కూర్చుని ‘ఏం కాలేదు, ఎండ దెబ్బ’ అన్నాడు. ఆ నెలలోనే అలా మూడుసార్లు జరిగింది. గుండె కొట్టుకునే వేగం బాగా తగ్గిపోతోందనీ, అందుకే స్పృహ తప్పుతోందనీ, పేస్‌మేకర్ అమర్చాల్సి ఉంటుందనీ డాక్టరు చెప్పారు. బాబాయి చెన్నైలో ఉద్యోగం చేస్తుండటంతో అక్కడికే తీసుకెళ్లాం.

అప్పటికి నేను బీకాం ఫస్టుక్లాసులో పాసై రెండేళ్లయింది. మా వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనే. ఎవరింటికి టెలిగ్రాం వచ్చినా, పురుగుమందు డబ్బా మీద ఏం రాసుందో తెలియాలన్నా నాకే కబురొచ్చేది. కాబట్టి ఆసుపత్రిలో డాక్టర్లతో, నర్సులతో మాట్లాడే పని నాదే. ‘నీకేం, మా వాడు అన్నీ కనుక్కుంటాడు’ అని అమ్మ పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో గొప్పగా చెప్పుకుంది కూడా.

తెల్లవారుజామున అయిదు గంటలకు ఐసీయూ తలుపు తెరుచుకుంది. ఒక మలయాళీ నర్సు గబగబా వచ్చి, ‘యువర్ ఫాదర్ పాస్డ్ అవుట్ ఎట్ త్రీ. హి హాజ్ కమ్ రౌండ్ నౌ. డోంట్ వర్రీ, హి విల్ పుల్ త్రూ’ అని పక్కనున్న బల్ల మీద ఏవో కాగితాలు సర్దుకోసాగింది.

ఆమె చెప్పిన దాంట్లో నాకు తెలియని పదం ఒక్కటీ లేదు. పాస్ తెలుసు, అవుట్ తెలుసు, కమ్ తెలుసు, రౌండ్ తెలుసు, పుల్ తెలుసు. అన్నీ విడివిడిగా తెలుసు! పదో తరగతిలో బట్టీపట్టిన సంతాప లేఖ ఒకటి గుర్తొచ్చింది. స్నేహితుడి తండ్రి చనిపోతే రాసే ఉత్తరం. అందులో ‘పాస్డ్ అవే’ అని ఉండేది. అంటే నాన్న మూడింటికి పోయాడు. ఇప్పుడు డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. ఇక లోపల్నుంచి బయటికి లాగుతారు... ‘డోంట్ వర్రీ’ అన్నది నాకు ఓదార్పులాగే వినిపించింది.

నా కాళ్లలో సత్తువ పోయింది. కుర్చీలో కూలబడ్డాను.

‘ఏంటిరా ఆవిడ అనేది?’ అంది అమ్మ. నోట మాట రాలేదు. నా మొహం చూసే ఆమెకు అర్థమైపోయింది. ఏడుపు లంకించుకుంటుందనుకున్నాను. కానీ అమ్మ లేచి నేరుగా నర్సు దగ్గరికెళ్లి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, అచ్చ తెలుగులో ‘బతికున్నాడా అమ్మా?’ అని అడిగింది. ఆ నర్సుకు తెలుగు రాదు. అమ్మకు ఇంగ్లీషూ రాదు, మలయాళమూ రాదు. అయినా ఆ ప్రశ్న అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేకపోయింది. నర్సు కంగారుపడి అమ్మను తలుపు దగ్గరికి తీసుకెళ్లి అద్దంలోంచి చూపించింది. నాన్న కళ్లు తెరిచే ఉన్నాడు. మమ్మల్ని చూసి చేతి వేళ్లు కొద్దిగా ఎత్తాడు.

ఆమె చెప్పింది ఇదీ: మీ నాన్నకు మూడింటికి స్పృహ తప్పింది. ఇప్పుడు తేరుకున్నారు. కంగారుపడకండి, గట్టెక్కుతారు.

ఆ రోజు మధ్యాహ్నం ఇడ్లీ పొట్లం విప్పుతూ అమ్మ మెల్లగా అంది: ‘అంత చదువు చదివావు. మీ నాన్న ఉన్నాడో లేడో తెలుసుకోలేకపోయావట్రా? తెలియకపోతే అడగొచ్చు కదా!’

తిట్టినట్టు కూడా అనలేదు. అందుకే ఇన్నేళ్లయినా మర్చిపోలేదు.

నాన్నకు పేస్‌మేకర్ పెట్టారు. ఎడమ చెయ్యి కొన్ని వారాలపాటు పైకి ఎత్తకూడదన్నారు. బరువులు అసలే ఎత్తకూడదు. ఊరికొచ్చాక కొట్లో కూర్చోవడం నా వంతయింది. నాన్న పక్కనే పడక్కుర్చీలో కూర్చునేవాడు. నేను బాపట్ల వెళ్లి ఒక ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం, రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనుక్కొచ్చాను. నన్ను చెన్నైలో నిలువునా ముంచిన ఆ మాటల్ని ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అంటారని అప్పుడే తెలిసింది. ఒక క్రియ, దాని వెనక ఆన్, ఆఫ్, అప్, డౌన్ లాంటి చిన్న మాట. రెండూ కలిస్తే వచ్చే అర్థం చాలాసార్లు ఆ రెండింట్లో ఏ ఒక్కదానిదీ కాదు.

బేరాలు లేనప్పుడు బట్టీ మొదలుపెట్టేవాణ్ని. పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. పుట్ అవుట్ అంటే మంట ఆర్పేయడం. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. సాయంత్రానికి అన్నీ కలగాపులగమయ్యేవి. వాయిదా వేయాల్సినదాన్ని ఆర్పేసేవాణ్ని, ఆర్పేయాల్సినదాన్ని ఓర్చుకునేవాణ్ని.

మూడోరోజు నాన్న ఇక ఉండబట్టలేక అడిగాడు, ‘ఏంట్రా అది, పొద్దస్తమానం పుట్టూ పుట్టూ అంటున్నావు?’

చెప్పాను. ‘పుట్ అంటే పెట్టు నాన్నా. ఒక్క పెట్టుకే ఇన్ని అర్థాలుంటే ఎలా గుర్తుంటాయి?’

నాన్న అయిదో తరగతితో బడి మానేసినవాడు. కాసేపు ఆలోచించి, ‘ఈ కొట్టు నేనెప్పుడు పెట్టాను?’ అన్నాడు.

‘నేను పుట్టిన ఏడాది.’

‘పొద్దున ఎన్నింటికి తీశావు?’

‘ఆరింటికి.’

‘రాత్రి ఎన్నింటికి కట్టేస్తావు?’

‘తొమ్మిదింటికి.’

‘మొన్న నేను పోయుంటే ఏం చేసేవాడివి?’

నేను మాట్లాడలేదు. ఆయనే అన్నాడు, ‘ఎత్తేసేవాడివి. ఇప్పుడు చెప్పు. కొట్టు పెట్టానంటే ఎక్కణ్నుంచైనా తెచ్చి ఇక్కడ పెట్టానా? తీశావంటే దేంట్లోంచి తీశావు? కట్టేశావంటే తాడేసి కట్టావా? ఎత్తేయడమంటే నెత్తిన పెట్టుకుపోతావా? వీటన్నిటికీ అర్థాలు నీకెవరైనా బట్టీ పట్టించారా? కొట్లో తిరిగావు, వచ్చాయి. ఆ ఇంగ్లీషోళ్లకీ అంతే అయ్యుంటుంది.’

గ్రామర్ పుస్తకం రెండొందల పేజీల్లో చెప్పలేనిది నాన్న పడక్కుర్చీలోంచి చెప్పేశాడు.

ఆ రోజు నుంచి మన మాటల్ని కొత్తగా వినడం మొదలుపెట్టాను. ‘పడు’నే తీసుకోండి. వాన పడింది, జీతం పడింది, కన్ను పడింది. కష్టపడ్డాడు, ఇష్టపడ్డాడు, అలవాటుపడ్డాడు, రాజీపడ్డాడు, బయటపడ్డాడు. చివరికి ‘నిలబడ్డాడు’లో కూడా పడటం ఉంది! మనిషి నిటారుగా నిల్చోవడానికి కూడా మనకు ‘పడు’ కావాలి. తెలుగు నేర్చుకునే పరాయివాళ్లు ఈ మాట దగ్గర ఎంత అవస్థ ‘పడతారో’ ఊహించండి. మనకు మాత్రం అదో సమస్యగా ఎప్పుడూ అనిపించదు.

అప్పుడు నోటు పుస్తకం తిరగేసి మళ్లీ రాశాను. ఈసారి క్రియలవారీగా కాదు, వెనకొచ్చే చిన్న మాటలవారీగా. ఒక్కోదానికి తెలుగులో అలాంటి పని చేసే మాట ఏముందా అని వెతికాను. కొన్ని భలేగా కుదిరాయి.

‘అప్’ చాలాచోట్ల మన ‘ఏయ్’ లాంటిది. ‘ఈట్’ అంటే తిను. ‘ఈట్ అప్’ అంటే తినేయ్, మిగల్చకుండా పూర్తిచెయ్. ‘డ్రింక్ అప్’ తాగేయ్. ‘యూజ్ అప్’ వాడేయ్. పని పూర్తవడం అనే ఛాయ రెండింట్లోనూ ఉంది. ‘డ్రై అప్’ అంటే ఎండిపోవడం. అక్కడ అప్ చేసే పనిని మన దగ్గర ‘పో’ చేస్తుంది. ‘రైట్ డౌన్’, ‘నోట్ డౌన్’ అంటే రాసిపెట్టడం. మాట గాల్లో పోకుండా కాగితం మీదికి దించడం. ‘ఆన్’ వస్తే చాలాసార్లు ఆగకుండా సాగడం. ‘రీడ్ ఆన్’ అంటే చదువుతూ పో. ‘క్యారీ ఆన్’ అంటే కానివ్వు. ‘ఆఫ్’లో విడిపోవడం, దూరం జరగడం ఉంది. ‘టేక్ ఆఫ్’ విమానం నేలను వదలడం, ‘సీ ఆఫ్’ సాగనంపడం, ‘కట్ ఆఫ్’ తెగ్గొట్టడం. అలా చూస్తే ‘పుట్ ఆఫ్’ అంటే పనిని ఇవాళ్టి నుంచి దూరంగా నెట్టడమే. ఇక మర్చిపోలేదు.

అన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. అలారం ‘గోస్ ఆఫ్’ అంటే మోగిందని. అదే దీపం ‘గోస్ ఆఫ్’ అంటే ఆరిపోయిందని. బాంబైతే పేలిందని, పాలైతే పాడయ్యాయని! దరఖాస్తును ‘ఫిల్ ఇన్’ చేసినా ‘ఫిల్ అవుట్’ చేసినా నింపడమే. ఇలాంటివాటికి తర్కం లేదు. వాటిని వాక్యంతో సహా మింగేయాల్సిందే.

ఇంకో చిన్న కిటుకు కూడా అప్పుడే తెలిసింది. ‘దాన్ని వాయిదా వెయ్యి’ అనడానికి ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి. ఇట్, హిమ్, దెమ్ లాంటి సర్వనామాలు ఇలాంటిచోట మధ్యలో దూరతాయి. కానీ ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి. అందుకే మాటను ఒంటరిగా కాకుండా వాక్యంలో నేర్చుకోవాలనేది.

మరి ఇంత వాడుకలో ఉన్న మాటలు నాకు బీకాం దాకా ఎందుకు సరిగ్గా పరిచయం కాలేదు? దీనికి జవాబు ఇంగ్లీషు చరిత్రలో దొరికింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక చాలాకాలం ఆస్థానంలో ఫ్రెంచి నడిచింది. చర్చిలో, చదువుల్లో లాటిన్ ఉండేది. వాటినుంచి వేల మాటలు ఇంగ్లీషులోకి వచ్చి పెద్దమనుషుల మాటలయ్యాయి. పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, టాలరేట్, ఇన్వెస్టిగేట్... ఇవన్నీ లాటిన్ మూలాలవే. ఇళ్లల్లో మాత్రం జనం వాటి బదులు పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్ విత్, లుక్ ఇంటు అంటారు. మన దగ్గర ‘మరణించారు’ పత్రికలో ఉంటుంది, ‘పోయారు’ వీధిలో ఉంటుంది. అలాంటి తేడానే. నేను పాఠాల్లో నేర్చుకున్నది ‘మరణించారు’ ఇంగ్లీషు. నర్సు మాట్లాడింది ‘పోయారు’ ఇంగ్లీషు. ఆవిడ ‘ఫెయింటెడ్’, ‘రికవర్డ్’ అని ఉంటే నాకా గండం ఉండేది కాదు.

దానికితోడు మన దేశంలో ‘పాసవుట్’కు ఇంకో అర్థం స్థిరపడింది. ‘నేను 96లో పాసవుటయ్యాను’ అని ఎంతమంది అనరు! పోలీసు, సైనిక అకాడమీల్లో శిక్షణ ముగిశాక జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ లాంటిదే ఇదీ. మన ఇంజినీరింగ్ కుర్రాడు విదేశంలో గర్వంగా ఆ మాటంటే, అవతలివాళ్లు పాపం స్పృహ తప్పి పడిపోయాడనుకునే ప్రమాదం ఉంది.

ఈ తిప్పలు మనకే కాదని తెలిసినప్పుడు కాస్త ఊరట కలిగింది. 1755లో వెలువడిన తన ప్రసిద్ధ నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ ఈ జంట మాటల గురించి ప్రత్యేకంగా ప్రస్తావించాడు. విదేశీయులకు ఎక్కువ కష్టం కలిగించేవి ఇవేనని ఒప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు పుస్తకంలోకెక్కింది మాత్రం చాలా ఆలస్యంగా. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’లో ఆ పేరు వాడాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని కూడా చెప్పాడు.

ఇంత నేర్చుకున్నాక నాకిక తిరుగులేదనుకున్నాను. 1999లో హైదరాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ గుమస్తాగా చేరాను. మేనేజరు ఉత్తరాదివారు. ఒకరోజు ఫోన్‌లో ‘కాల్ ఆఫ్ టుమారోస్ డీలర్స్ మీటింగ్’ అని పెట్టేశారు. కాల్ అంటే ఫోన్ చేయడమే కదా! ఎనిమిదిమంది డీలర్లకూ ఫోన్లు చేసి, రేపటి మీటింగ్‌కు తప్పకుండా రావాలని మరీమరీ చెప్పాను. పాపం గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి రాత్రి బస్సుల్లో వచ్చారు. పొద్దున్నే వాళ్లందర్నీ వరండాలో చూసి మేనేజరు నోరు తెరిచారు. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడమని అప్పుడు తెలిసింది.

ఆయన కేకలేయలేదు. ‘డౌటొచ్చిందా, రాలేదా?’ అని మాత్రం అడిగారు. వచ్చింది. నిజంగానే వచ్చింది. మధ్యలో ఆ ‘ఆఫ్’ ఎందుకా అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని ఊరుకున్నాను. చెన్నైలో చేసిందీ అదే. నర్సును ‘సిస్టర్, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అని అడగడానికి అయిదు సెకన్లు చాలు. డిగ్రీ అడ్డొచ్చింది. ఏ డిగ్రీ లేని అమ్మకు ఏదీ అడ్డు రాలేదు. తెలియకపోవడంవల్ల నాకు జరిగిన నష్టం తక్కువే. తెలియదని చెప్పకపోవడంవల్ల జరిగిందే ఎక్కువ.

ఆ తర్వాత అడగడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో మొహమాటంగా ఉండేది. చిత్రంగా ఎవరూ నవ్వలేదు. పైగా చాలామందికి చెప్పడమంటే సరదా. ‘బస్సుకు గెట్ డౌన్ కాదు, గెట్ ఆఫ్ అనండి. కారైతే గెట్ అవుట్ ఆఫ్’ అని సహోద్యోగి ఒకావిడ టీ తాగుతూ చెప్పింది ఇప్పటికీ గుర్తే.

అడగాల్సిన అవసరం ఇంగ్లీషులోనే వస్తుందనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో అద్దెకు దిగిన కొత్తలో పక్కింటావిణ్ని పలకరింపుగా ‘మీ నాన్నగారు కనిపించట్లేదేంటండీ?’ అన్నాను. ‘మా నాయన పొద్దుగాల్నే పోయిండు’ అందావిడ చెట్లకు నీళ్లు పోస్తూ. నా గుండె గుభేలుమంది. ఆవిడ మొహంలో ఏ విచారమూ లేదు. చెన్నై గుర్తొచ్చి ఈసారి తమాయించుకుని, ‘పోవడమంటే... ఎక్కడికండీ?’ అని అడిగాను. ‘ఇంకెక్కడికి? మార్కెట్‌కు’ అందావిడ వింతగా చూస్తూ. కోస్తాలో పోయాడంటే కంగారుపడాలి. ఇక్కడ వెళ్లాడని అర్థం. ఒకే భాష, ఒకే మాట!

అన్నిటికన్నా ముచ్చటైంది 2012 వేసవిలో జరిగింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం చదువు. గివ్ అప్, హరీ అప్ అని నాకంటే చక్కగా అనేస్తుంది. సెలవులకు ఊరెళ్లాం. రాత్రి కథ చెప్పమని తాతయ్య కోసం చూస్తోంది. వంటింట్లోంచి అమ్మ, ‘ఉండవే, తాతయ్య కొట్టు కట్టేసి వస్తాడు’ అంది. అంతే! పిల్ల మొహం పాలిపోయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ‘నాన్నా! తాతయ్య ఎవర్నో కొట్టి కట్టేస్తున్నాడంట!’

ఇది విని నాన్న కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. మర్నాడు రాత్రి దాన్ని వెంటబెట్టుకుని కొట్టుకెళ్లాడు. నంబర్లు రాసిన తలుపు చెక్కలు ఒక్కొక్కటే దానిచేత అందించుకుని గాడిలో పెట్టాడు. అడ్డకమ్మీ వేసి, తాళం దాని చేతికిచ్చి, ‘ఇదేనమ్మా కొట్టు కట్టేయడమంటే’ అన్నాడు. దానికి ఆ మాట ఇక జన్మలో మర్చిపోయే అవకాశం లేదు.

2014లో నాన్న పోయాడు. ఈసారి పోయాడంటే పోయినట్టే. ఎవర్నీ అడగాల్సిన పనిలేకపోయింది. కొన్నాళ్లకు కొట్టు ఎత్తేశాం. ఆ రెండు మాటలకూ అర్థం నాకు అంతకుముందు తెలుసనుకున్నాను. నిజానికి అప్పుడే తెలిసింది.

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ ఉంది. ముందువైపు నుంచి నావి ఇంగ్లీషు మాటలు. వెనకవైపు నుంచి మా అమ్మాయి రాసుకున్న తెలుగు మాటలు: కొట్టు కట్టేయడం, చేతులెత్తేయడం, మొహం చాటేయడం, గట్టెక్కడం. ఒక్కోదాని కింద ఎవరు ఎప్పుడు అన్నారో కూడా రాసుకుంది. మధ్యలో ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి.

మీ ఇంట్లో కూడా ఇంగ్లీషుతో కుస్తీపట్టే పిల్లలుంటే అలాంటి నోటు పుస్తకం ఒకటి కొనివ్వండి. రోజుకో మాట, దాంతో ఒక సొంత వాక్యం, పక్కన అలాంటి తెలుగు మాట. అది చాలు. దాంతోపాటు ఇంకో వాక్యం కూడా నేర్పండి. నేను ఇరవై రెండేళ్ల వయసులో ఆసుపత్రి వరండాలో అనలేకపోయిన వాక్యం, మా అమ్మ ఏ చదువూ లేకుండా అనగలిగిన వాక్యం... ‘నాకు అర్థం కాలేదండీ, మళ్లీ చెప్తారా?’